"బెల్ట్ మార్పించాం" అంటే ఏ బెల్ట్ సార్?

టైమింగ్ బెల్ట్ అంటే కారు ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచి మూసే క్యామ్‌నీ తాళం తప్పకుండా కలిపి తిప్పే పళ్ల రబ్బరు బెల్ట్. దానికి ఎస్టిమేట్ వేయించుకున్న ప్రతివాడూ మొదట అనే మాట ఒకటే, ఆ రబ్బరు ముక్కకి ఇంత బిల్లా, దోచేస్తున్నారు అని. నేనూ అన్నా. షెడ్డులో నిలబడి నలుగురూ వినేలా అన్నా. ఆ మెకానిక్ కోప్పడలేదు, బానెట్ ఎత్తి "బెల్ట్ ఎక్కడుందో చూపించండి సార్" అన్నాడు. ధీమాగా చూపించా. అది బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్‌ని తిప్పే బయటి బెల్ట్.

అసలు బెల్ట్ మనకి కనపడదండీ. ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ కవర్ వెనకాల ఉంటుంది. దాని దాకా వెళ్లాలంటే చాలా బండ్లలో ముందు చక్రం విప్పాలి, బయటి బెల్టులు తీయాలి, ఇంజిన్ కింద జాకీ పెట్టి ఇంజిన్‌ని పట్టుకుని ఉండే మౌంటింగ్ ఒక పక్క ఊడదీయాలి, క్రాంక్ పుల్లీ బోల్టు విప్పాలి (అది మొండిది, ఊరికే రాదు), అప్పుడు గానీ ఆ కవర్ బయటికి రాదు. తర్వాత క్రాంక్‌నీ క్యామ్‌నీ మార్కుల మీదకి తెచ్చి లాక్ చేసి, పాతది తీసి కొత్తది ఎక్కించి, టెన్షన్ చూసి, చేత్తో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ కలిశాయా లేదా అని చూడాలి. రెండు చుట్లు ఎందుకంటే క్రాంక్ రెండుసార్లు తిరిగితే క్యామ్ ఒక్కసారి తిరుగుతుంది కాబట్టి. బెల్ట్ ఒక్క పన్ను పక్కకి పడినా బండి పికప్ పోతుంది, ఇంకా ఎక్కువ తప్పితే వాల్వులే పోతాయి. ఇదంతా కొన్ని గంటల పని. మనం కట్టేదాంట్లో ఎక్కువ భాగం ఆ లేబరే, రబ్బరుకి కాదు.

ఇదంతా విని తల ఊపి కూడా నేను చేసిన ఘనకార్యం ఏంటంటే బెల్ట్ ఒక్కటే వేయమన్నా. టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచేది), ఐడ్లర్ బేరింగ్ (బెల్ట్‌కి దారి చూపే చక్రం), వాటర్ పంప్ కలిపి కిట్‌గా వేస్తే మంచిది సార్, ఈ ఇంజిన్‌లో పంప్‌ని తిప్పేది కూడా ఇదే బెల్ట్ అని చెప్పాడు పాపం. పంప్ బానే ఉందిగా, ఎందుకు దండగ అన్నా. ఏడాదిన్నర తిరక్కుండా ఆ బానే ఉన్న పంప్ సీల్ దగ్గర కూలెంట్ కారడం మొదలైంది, కారినది కొత్త బెల్ట్ మీదే పడింది, అంటే పంపూ పోయె బెల్టూ పోయె, మళ్లీ చక్రం విప్పి మౌంటింగ్ విప్పి అదే లేబర్ రెండోసారి. కక్కుర్తికి వడ్డీ కట్టినట్టయింది.

ఇక ఎప్పుడు మార్చాలి. ఇంజిన్‌ని బట్టి మారుతుంది, కొన్నిటికి 60 వేల కిలోమీటర్లకే, కొన్నిటికి లక్ష దాటాక, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే లెక్క. కానీ అక్కడ కిలోమీటర్ల పక్కనే ఏళ్లు కూడా ఉంటాయి చూశారా, ఎక్కువగా 5 నుంచి 10 మధ్య, "ఏది ముందొస్తే అది" అని. ఈ రెండో ముక్క ఎవడూ చదవడు. బండి తిరగలేదు కదా అంటారు. తిరక్కపోయినా రబ్బరు ముసలిదవుతుంది. పైగా ట్రాఫిక్‌లో గంట సేపు ఏసీ వేసుకుని నిలబడితే రీడింగ్ కదలదు, లోపల బెల్ట్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చూసి చెప్పమంటే కూడా కష్టం, ఇప్పటి బెల్టులు పాతవాటిలా పగుళ్లు చూపించి పోవు, చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూనే ఉండి ఒకరోజు పళ్లు ఊడిపోతాయి.

ఊడితే ఏమవుతుందంటే, ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో ఉందనుకోండి, క్రాంక్ సెకనుకి 50 చుట్లు, ఒక్కో వాల్వూ సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటోంది. బెల్ట్ తెగ్గానే క్యామ్ ఆగిపోతుంది, తెరిచిన వాల్వులు తెరిచినట్టే ఉంటాయి, పిస్టన్లు మాత్రం ఇంకా పైకి వస్తూనే ఉంటాయి. కొన్ని ఇంజిన్లలో రెండిటి మధ్యా జాగా ఉంటుంది, కొత్త బెల్ట్ వేసుకుంటే సరిపోతుంది. చాలా ఇంజిన్లలో ఉండదు. వాల్వులు వంకర, హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) దింపాలి, గాస్కెట్, గైడ్లు, అదృష్టం బాగోకపోతే పిస్టన్లు కూడా. పాత బండైతే దాని రేటు కన్నా రిపేరే ఎక్కువ. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగి, సెల్ఫ్ కొడితే ఎప్పుడూ లేనంత తేలిగ్గా గిర్రున తిరిగిందంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) లేదని అర్థం. దయచేసి ఇంకో సెల్ఫ్ కొట్టకండి, టో చేయించుకోండి.

నాది బెల్ట్ బదులు చైన్ ఉన్న బండి, నాకీ గోల లేదు అనే బ్యాచ్‌కి ఒక మాట, ఆయిల్ టైముకి మార్చకపోతే చైన్ కూడా సాగుతుంది. ఆయిల్‌లో మునిగి తిరిగే వెట్ బెల్ట్ ఉన్నవాళ్లకైతే ఆయిల్ గ్రేడ్ తప్పితే ఆ బెల్టే పొడిపొడిగా రాలి ఆయిల్ పంప్ జల్లెడకి అడ్డం పడుతుంది. అసలు 1962లో జర్మనీ వాడి గ్లాస్ 1004 కారుతోనే ఈ పళ్ల బెల్ట్ మామూలుగా అమ్మే కార్లలోకి వచ్చింది, అంతకుముందు ఎక్కువగా చైన్లూ గేర్లే. శబ్దం తక్కువ, బరువు తక్కువ, తయారీ ఖర్చూ తక్కువ. కంపెనీలకి డబ్బులు మిగిలాయి, మనకి బిల్లు మిగిలింది. నా అసలు కడుపుమంట ఇదీ, మెకానిక్ మీద కాదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మాత్రం "బెల్ట్ మార్పించాం" అంటే నమ్మెయ్యకండి. బిల్లు అడగండి, దాని మీద తేదీ, రీడింగ్, కిట్టా ఉత్త బెల్టా చూడండి. అబద్ధమే అక్కర్లేదు, చాలామంది నాలాగే ఆల్టర్నేటర్ బెల్ట్ మార్పించి అదే ఇదనుకుంటారు. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

మా బావమరిది బండికి తొమ్మిదో ఏడు నడుస్తోంది, మాన్యువల్‌లో ఏడేళ్లని ఉంది, పేజీ తీసి వేలు పెట్టి చూపించా. "38 వేలే తిరిగింది బావా, వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు. ఇది మూడో వచ్చే నెల.