చార్మినార్ చుట్టూ రాళ్లు పరిచారు, గుల్జార్ హౌజ్ సంగతేంటి?

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, రాళ్లు పరిచి నడిచేవాళ్లకు వదిలే పాదచారుల ప్రాజెక్టు అనగానే అందరి చూపూ 1591 నాటి ఆ నాలుగు మినార్ల మీదే. పాతబస్తీకి అసలైన చౌక్ మాత్రం దానికి ఉత్తరాన, కూతవేటు దూరంలో ఉంది. 1592లో కట్టిన నాలుగు కమాన్ల (తోరణ ద్వారాల) నడుమ ఉన్న ఈ స్థలం కుతుబ్‌షాహీల మహలు ముందరి జిలూఖానా, అంటే రాచనగరు ముందరి మైదానం. మధ్యలోని నీటి ఫౌంటెన్ గుల్జార్ హౌజ్ ఇప్పుడు వాహనాలు చుట్టి వెళ్లే రౌండానా, అంతే.

చార్మినార్ కిందికి బండ్లు రాకుండా ఆపితే అవి మాయమైపోవు కదా! మదీనా నుంచి పత్తర్‌గట్టి మీదుగా వచ్చే ఆటోలు, బైకులు ఉత్తరపు మచ్లీ కమాన్ దూరి, హౌజ్‌ను చుట్టి, తూర్పు కాలీ కమాన్ కింద నుంచి ఎతేబార్ చౌక్ వైపో, పడమటి కమాన్ దాటి మిట్టీ కా షేర్ వైపో తేలతాయి. ఒక చోట తగ్గిన ఒత్తిడి ఇంకో చోట పడింది.

కమాన్లకు బండ్ల కన్నా పెద్ద శత్రువు సిమెంటు. వీటి గోడల పూత డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నంతో) చేసింది. దానిలోకి చేరిన తేమ మళ్లీ బయటికి ఆరిపోతుంది. పగులు కనిపించిందని పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపలి లవణాలు గడ్డకట్టి సున్నాన్ని పొట్టుపొట్టుగా రాలుస్తాయి. సరైన పద్ధతిలో సున్నాన్ని రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపాలి. పలుచని పొరలుగా వేస్తూ తడి ఆరనివ్వకూడదు. కాంట్రాక్టరుకు ఇచ్చే గడువులో ఈ నానబెట్టే రోజులకు చోటుండాలి. లేకపోతే అతను సిమెంటు బస్తానే విప్పుతాడు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది అగ్నిప్రమాదాల సంగతి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గరి ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. లోపలికి ఇరుకైన దారి ఒక్కటే. అందుకే వాహనాలను ఆపడానికి నాటే స్తంభాలు తాళం తీస్తే ఊడివచ్చేవి కావాలి. కింద దుకాణం, పైన కాపురం ఉన్న ప్రతి ఇంటికీ రెండో మెట్ల దారి చూపించాలి. కరెంటు తీగల చిక్కుముళ్లను రాళ్లు పరవకముందే భూమిలోకి దించాలి. పరిచాక తవ్వితే ఆ గుంత పూడ్చేది మళ్లీ సిమెంటుతోనే.

బంగారం, ముత్యాల దుకాణాలవాళ్లు అడ్డుపడతారనే మాట ఎప్పుడూ ఉండేదే. సరుకు దించుకోవడానికి రాత్రి వేళలు కేటాయించి, ముందు ఆదివారాలు మాత్రమే మచ్లీ కమాన్ దగ్గర బండ్లు ఆపి చూస్తే, గిరాకీ పెరిగిందో తగ్గిందో వాళ్ల గల్లాపెట్టెలే చెబుతాయి.