మందు కొడితేనే ప్రమాదమా? వేసుకుంటే కాదా?

పండక్కి కార్లు ఊళ్లదారి పట్టే రోజుల్లో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. సారాంశం ఇది: "బండి నడిపేవాడికి మద్యం ఒక్కటే శత్రువు. జలుబు మందు, రాత్రి వేసుకున్న నిద్రమాత్ర ఏమీ చెయ్యవు. మత్తుగా ఉంటే మనకే తెలుస్తుంది. నిద్రొస్తే అద్దం దించి, పాటలు పెట్టుకుని, టీ తాగితే చాలు." ఇందులో టీ మాట తప్ప ఏదీ నిలబడదు.

"మనకే తెలుస్తుంది" అన్నదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. అమెరికాలోని అయోవాలో అలర్జీ ఉన్న 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్షించారు. ఫలితాలు 2000లో వచ్చాయి. ఒక్కొక్కరికీ ఒకసారి డైఫెన్‌హైడ్రమిన్ అనే పాత తరం అలర్జీ మందు, ఒకసారి ఫెక్సోఫెనడిన్ అనే కొత్త తరం అలర్జీ మందు, ఒకసారి మద్యం, ఒకసారి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మద్యం రక్తంలో 0.1 శాతం దాకా చేరేలా పోశారు. మన చట్టం ఒప్పుకునేది 0.03 మాత్రమే. అయినా మొత్తమ్మీద అధ్వాన్నంగా నడిపింది డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నప్పుడే! నిద్రగా ఉందా అని అడిగితే వాళ్లు చెప్పిన జవాబుని బట్టి ఎవరు ఎలా నడుపుతారో అంచనా వెయ్యడం కుదరలేదు. ఫెక్సోఫెనడిన్ మాత్రం ఉత్తుత్తి మాత్రతో సమానంగా తేలింది. కాబట్టి మందులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. డైఫెన్‌హైడ్రమిన్ మన దగ్గు సిరప్‌లలోనూ ఉంటుంది. సీసా మీద చూడండి.

"నిద్రమాత్ర తెల్లారేసరికి దిగిపోతుంది" అంటారా? దీన్ని నెదర్లాండ్స్‌లో నిజమైన హైవే మీదే కొలుస్తున్నారు. 1980లలో ఓహాన్లన్ అనే పరిశోధకుడు తయారుచేసిన పద్ధతి అది. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో, ఒకే లేన్‌లో, దాదాపు 100 కిలోమీటర్లు నడపాలి. పక్క సీట్లో ఇంకో బ్రేక్‌తో శిక్షకుడుంటాడు. కారుకి బిగించిన కెమెరా లేన్ గీత ఎంత దూరంలో ఉందో వదలకుండా చూస్తుంటుంది. బండి అటూ ఇటూ ఎంత ఊగిందన్నదే లెక్క. రక్తంలో మద్యం 0.05 శాతం ఉంటే ఆ ఊగిసలాట సుమారు 2.4 సెంటీమీటర్లు పెరుగుతుంది. జోపిక్లోన్ అనే నిద్రమాత్ర 7.5 మిల్లీగ్రాములు వేసుకుని పడుకుని, పది గంటల తర్వాత స్టీరింగ్ పట్టినవాళ్ల ఊగిసలాట అంతకి తక్కువేమీ లేదు. జోల్పిడెమ్ అనే ఇంకో నిద్రమాత్ర సంగతి చూడండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఆడవాళ్లకి దాని మోతాదుని 10 నుంచి 5 మిల్లీగ్రాములకి తగ్గించింది. వాళ్ల ఒంట్లోంచి అది నెమ్మదిగా పోతుందని, పొద్దున్నే డ్రైవింగ్ దెబ్బతింటుందని.

"మద్యం ఒక్కటే శత్రువు" అన్న మాటకి 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ఇచ్చిన జవాబు చాలు. 17 గంటలు మెలకువగా ఉన్నవాళ్ల పనితీరు 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. అది కారు నడిపించి కాదు, కంటికీ చేతికీ పొందిక చూసే పరీక్షలో. అయినా ఉదయం ఐదింటికి లేచి, ఆఫీసు చేసుకుని, రాత్రి పదింటికి హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లు లెక్క వేసుకోవచ్చు. బ్రీత్ ఎనలైజర్‌లో నిద్రలేమి కనబడదు, మాత్ర కూడా కనబడదు.

ఇక అద్దం, పాటలు. ఇంగ్లండ్‌లో రేనర్, హార్న్ 1998లో పరీక్షిస్తే చల్లగాలితో దాదాపు ఏమీ ఒరగలేదు. రేడియోతో కాసేపు, అదీ కొద్దిగా.

టీకైనా, కాఫీకైనా పనిచెయ్యడానికి ఓ అరగంట పడుతుంది. తాగిన వెంటనే బండి తియ్యకుండా, ఓ పక్కన ఆపుకుని పావుగంట కునుకు తీస్తే, లేచేసరికి అది ఎక్కడం మొదలవుతుంది. మెసేజ్‌లో ఈ ఆపడం సంగతే లేదు.