తొమ్మిది మంది, ఒక కుక్కరు

అనంతపురంలో అద్దె ఇంటి కోసం తిరుగుతూ ‘వలంటీర్లం’ అని చెప్పి చూడండి. ఇంటి ఓనరు లోపలికి రమ్మని, కుర్చీ వేసి, ‘మా అమ్మ పింఛను ఎందుకు ఆగిపోయిందప్పా?’ అని అడుగుతాడు. ఆయన తప్పేం లేదు. 2019లో వచ్చిన గ్రామ వలంటీర్లు జనం మనసులో ఇంకా ఉన్నారు. వాళ్లకి ఒక్కొక్కరికి 50 ఇళ్లు, నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేవి. మాది వేరే జాతి. మాకు తొమ్మిది మందికి కలిపి ఒక ఇల్లు. గౌరవ వేతనంలో మొదటి మాట వరకే మాకిస్తారు.

ఈ జిల్లాకి వానలు తక్కువ గానీ, సేవ చేయడానికి వచ్చేవాళ్లు తక్కువ కాదు. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ వచ్చి ఆర్‌డీటీ అనే సేవా సంస్థ మొదలుపెట్టి, పల్లెల్లో పేదలకి ఇళ్లు కట్టించాడు. మేమూ అంత స్ఫూర్తితోనే దిగాం. (మాది ఆ సంస్థ కాదు లెండి. మాది వేరే. పేరు అడగొద్దు.) మాకు అప్పజెప్పిన పని ఏమిటంటే, మహిళా పొదుపు సంఘాలకి ‘సమూహ నిర్వహణ, వివాద పరిష్కారం’ మీద శిక్షణ ఇవ్వడం.

శిక్షణ ఇచ్చేవాళ్లు ముందు తామే సమష్టి జీవనం గడపాలని మా సంస్థ సిద్ధాంతం. సమష్టి జీవనం చాలా గొప్ప ఆదర్శం. తొమ్మిది గదులకి అద్దె కట్టలేని ప్రతి సంస్థా దీన్ని మనసారా నమ్ముతుంది.

మొదటి వారం అన్నదమ్ముల్లా ఉన్నాం. రెండో వారం కూడా అన్నదమ్ముల్లానే ఉన్నాం, కాకపోతే ఆస్తి పంపకాలప్పటి అన్నదమ్ముల్లా. పొద్దున ఉగ్గాని పెడితే గుంటూరు మిత్రుడు ‘బొరుగులు తిని పనికి ఎలా పోతారండీ?’ అని ప్లేటు తిప్పి తిప్పి చూశాడు. రాత్రి రాగి సంగటి ముద్ద, ఊరిబిండి చేస్తే శ్రీకాకుళం మిత్రుడు ముద్దని నమిలి నమిలి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సంగటిని నమలకూడదు, మింగాలి అని చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? అప్పటికి రాజ్యాంగం లేదు గనక ఎవరూ చెప్పలేదు.

అందుకే రాజ్యాంగం రాసుకున్నాం. గాంధీ ఆశ్రమానికి పదకొండు వ్రతాలు. పొదుపు సంఘాలకి పంచసూత్రాలు. మాకు 43 నిబంధనలు. అందులో మకుటం లాంటిది ఏడోది: ‘ఎవరు తిన్న కంచం వారే కడుగుకోవాలి.’ ఏకగ్రీవంగా ఆమోదించి చప్పట్లు కొట్టుకున్నాం. మర్నాడు పొద్దున వంటింట్లో తొమ్మిది కంచాలు తళతళా మెరుస్తున్నాయి. పక్కనే కుక్కరు, అడుగంటిన పప్పుతో. కుక్కర్లో ఎవరూ తినలేదు కదా! కంచానికి పౌరసత్వం ఉంది, కుక్కరుకి లేదు.

ఇక్కడే ‘నానబెట్టాను’ అనే మహావాక్యం పుట్టింది. గిన్నెని తోమకుండా వదిలేస్తే బద్ధకం. అందులో చెంబెడు నీళ్లు పోసి వదిలేస్తే అది నానబెట్టడం. నానబెట్టినవాడు పని మొదలుపెట్టినవాడితో సమానం, అతన్ని ఎవరూ ఏమీ అనకూడదు. మా కుక్కరు ఒకసారి సోమవారం నానడం మొదలుపెట్టి గురువారం దాకా నానింది. బుధవారానికి దాని మీద రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. నానింది చాలని ఒక వర్గం, ఇంకా నానాలని ఒక వర్గం. నేను మధ్యేమార్గం, అంటే బయట హోటల్లో తినేవాణ్ణి.

ఈ చర్చలన్నిటికీ మూడు వాట్సాప్ గ్రూపులు. ఒకటి ‘ఇల్లు’. రెండోది ‘ఇల్లు, అధికారికం’. మూడోదాంట్లో నేను లేను గనక దాని పేరు తెలియదు.

కలిసి బతకడం తేలికని గాంధీ కూడా అనలేదు. డర్బన్‌లో ఆయన ఇంట్లో గుమాస్తాలు కూడా ఉండేవాళ్లు. గదుల్లో నీళ్లు పోయే దారి లేక మూత్రానికి కుండలు పెట్టేవాళ్లు, వాటిని పనివాళ్లకి అప్పజెప్పకుండా భార్యాభర్తలే ఎత్తిపోసేవాళ్లు. కొత్త గుమాస్తా కుండ దగ్గర కస్తూర్బా కన్నీళ్లు పెట్టుకుంటే, ‘నవ్వుతూ చేయాలి’ అని ఈయన పట్టుబట్టాడు. గొడవ గేటు దాకా పోయింది. తర్వాత సిగ్గుపడ్డదీ ఆయనే. మాలో ఇంకా ఎవరూ సిగ్గుపడే దశకి రాలేదు.

మన సీమలోనే దీనికి భిన్నమైన పద్ధతి ఒకటి ఉంది. రెండు వందల ఏళ్ల కిందట సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితుల్ని పెట్టుకొని, తెలుగు తాళపత్రాలకి నకళ్లు రాయించాడు, పాఠాలు సరిచేయించాడు. ఆ పండితులు గిన్నెల దగ్గర కొట్టుకున్నట్టు నేనైతే ఎక్కడా చదవలేదు. కారణం వెతికితే తేలిందేమిటంటే, ఆయన జీతాలిచ్చాడు. ఈ పద్ధతిని పరిశీలించమని మా సంస్థకి ఉత్తరం రాశాను. జవాబుగా ప్రశంసాపత్రం వచ్చింది. లామినేషన్ కూడా చేయించారు పాపం.

కుక్కరు మీద అత్యవసర సమావేశం లేటవడంతో, కళ్యాణదుర్గం రోడ్డు పక్కన ఉన్న ఒక పల్లెకి వివాద పరిష్కారం చెప్పడానికి నలభై నిమిషాలు ఆలస్యంగా పోయాను. గుడి అరుగు మీద సంఘం కూర్చుని ఉంది. పొదుపు కట్టడం, అప్పు తీర్మానం, పుస్తకాల్లో రాయడం అన్నీ అయిపోయాయి. చాప మడుస్తున్నారు.

“లేటొస్తే పది రూపాయలు నాయనా,” అంది మొదటి లీడరు.

నేను సభ్యుణ్ణి కాదు, శిక్షకుణ్ణి అన్నాను.

“అయితే ఇరవై ఈలే,” అంది పక్కనున్న అవ్వ. అందరూ నవ్వారు. ఇరవై ఇచ్చాను. పుస్తకంలో రాసి, సంతకం పెట్టించుకున్నారు.

“ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారు మీరు?” అని అడిగింది లీడరు. తొమ్మిది మందిమని చెప్పాను.

“మేము పదిమందిమి,” అని ఊరుకుంది.

ఆ రాత్రే జరిమానా పద్ధతిని మా ఇంట్లో ప్రవేశపెట్టాను. ఇంతవరకు ఏ నిబంధనకీ రానంత మద్దతు వచ్చింది, ఎందుకంటే ప్రతివాడికీ జరిమానా పడాల్సిన మిగతా ఎనిమిది మంది కళ్లముందు కనిపించారు. పది రోజుల్లో 240 రూపాయలు పోగయ్యాయి. అవి ఎవరి దగ్గర ఉండాలన్న దానిపై మాత్రం ఒప్పందం కుదరలేదు. ఉపసంఘం వేశాం. ఉపసంఘంలో ఇద్దరు, వాళ్లిద్దరికీ మాటల్లేవు. నివేదిక వచ్చేదాకా డబ్బుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కుక్కరు కింద పెట్టాం. ఈ ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.