అబాయా కొనకండి, గసగసాలు తీసేయండి: గల్ఫ్ టీచర్ల మెసేజ్‌కి జవాబు

దుబాయ్, షార్జాల్లోని సీబీఎస్‌ఈ స్కూళ్లలో చాలావాటికి కొత్త విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అందుకే సంక్రాంతి దాటగానే మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి మెసేజ్ తిరగడం మొదలుపెడుతుంది. "గల్ఫ్‌లో టీచర్ ఉద్యోగానికి వెళ్తున్న అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ముఖ్య గమనిక" అనేది దాని మొదటి వాక్యం. సారాంశం ఇది: ఆడవాళ్లు అబాయాలు కొనుక్కోవాలి, చీరలు పనికిరావు, బొట్టూ తాళీ కనపడకూడదు. ఎండలు ఎక్కువ కాబట్టి పలచటి బట్టలు చాలు. బియ్యం, పప్పులు, మసాలా పొడులు, ఆవకాయ, ఏడాదికి సరిపడా మందులు ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి. సర్టిఫికెట్లకు అపోస్టిల్ (ఒక అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య చెల్లే ధ్రువీకరణ ముద్ర) వేయిస్తే సరిపోతుంది. బంగారం ఒంటి మీద వేసుకెళ్తే ఎవరూ అడగరు. చేతిలో డబ్బు అక్కర్లేదు.

రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కానీ దీన్ని నమ్మి సర్దుకుంటే అక్కర్లేని బరువు మోసుకెళ్లి, అసలు కావలసిన కాగితం ఇంట్లో వదిలేస్తారు. పైగా ఇందులో ఒక సలహా పాటిస్తే ఎయిర్‌పోర్టులోనే పట్టుబడే ప్రమాదం ఉంది. నేను ఇక్కడ దుబాయ్, షార్జా, అబూధాబీలు ఉన్న యూఏఈ సంగతే చెప్తాను. సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ ఆరింటినీ "గల్ఫ్" అంటూ ఒకే గాటన కట్టడంతోనే ఆ మెసేజ్ దారి తప్పింది.

"ఆడవాళ్లకు అబాయా తప్పనిసరి, చీర కడితే ఒప్పుకోరు"

ఇది పాత సౌదీ కబురు. అక్కడ ఒకప్పుడు విదేశీ మహిళలు కూడా బయట అబాయా వేసుకోవలసిందే. ఆ సౌదీలోనే 2019లో టూరిస్ట్ వీసాలు తెరిచినప్పుడు విదేశీ మహిళలకు అబాయా తప్పనిసరి కాదని, ఒళ్లు కప్పే దుస్తులు చాలని ప్రకటించారు. యూఏఈలో విదేశీ మహిళలు అబాయా వేసుకోవాలనే చట్టమే లేదు. తల కప్పుకుని, ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోవలసింది మసీదు లోపలికి వెళ్లేటప్పుడు. అబూధాబీలోని షేక్ జాయెద్ గ్రాండ్ మసీదుకి పిల్లల్ని తీసుకెళ్లే రోజు ఒకటి రావచ్చు. దానికి పొడుగు చేతుల కుర్తా, పెద్ద చున్నీ ఉంటే చాలు.

చీర మాటకొస్తే, అక్కడి ఇండియన్ స్కూళ్లలో చీర, సల్వార్ కమీజ్ రోజూ కనిపించే బట్టలే. కొన్ని స్కూళ్లలో వారంలో ఫలానా రోజు చీర కట్టాలనే నియమం కూడా ఉంటుంది. కొన్నిచోట్ల టీచర్లందరికీ ఒకే రంగు యూనిఫాం చీర ఇస్తారు. బ్రిటిష్ సిలబస్ స్కూళ్లలో మాత్రం ప్యాంటు, షర్టు, మోకాళ్లు దిగే డ్రెస్సులు మామూలు. అంటే మీరేం వేసుకోవాలో ప్రధానంగా చెప్పేది మీ స్కూలు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి డ్రెస్ కోడ్ కాగితం పంపమని అడగండి. అది చదివాకే షాపింగ్‌కి వెళ్లండి.

చీర కంటే ఎక్కువ పేచీ వచ్చేది జాకెట్ దగ్గర. స్లీవ్‌లెస్, వీపంతా కనపడే డీప్ నెక్, వెనక తాళ్లు కట్టే డిజైన్లు పెళ్లిళ్లకు బాగుంటాయి గానీ స్టాఫ్‌రూమ్‌లో చెల్లవు. మోచేతి దాకా చేతులు, మామూలు మెడ పెట్టి ఇక్కడే కుట్టించుకోండి. ఫాల్, పికో కూడా ఇక్కడే చేయించుకోండి. బర్ దుబాయ్‌లోని మీనా బజార్‌లో టైలర్లకు కొదవ లేదు, కానీ కుట్టుకూలి చూస్తే మన ఊరి దర్జీ మీద ప్రేమ పుట్టుకొస్తుంది. చీరలూ గంజి పెట్టే నేత చీరలు కాకుండా ఉతికి ఆరేసి కట్టుకునే రకం ఎక్కువ పెట్టుకోండి. తెల్లవారకముందే స్కూలు బస్సు పట్టుకోవలసినవాళ్లకు రోజూ ఇస్త్రీ అయ్యే పని కాదు.

మగ టీచర్ల బట్టల గురించి మెసేజ్‌లో ఒక్క ముక్కా లేదు, అదేంటో! ఫుల్ హ్యాండ్స్ షర్టు, ఫార్మల్ ప్యాంటు, నల్ల బూట్లు దాదాపు ఎక్కడైనా నడుస్తాయి. టై కట్టాలనే స్కూళ్లు చాలానే ఉన్నాయి కాబట్టి రెండు మూడు టైలు పెట్టుకోండి. షార్జాకి వెళ్లేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అక్కడ పద్ధతైన వేషధారణ గురించి 2001 నుంచే ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి, మగవాళ్లు మరీ పొట్టి నిక్కర్లతో బయట తిరగడం కూడా వాటి కిందికే వస్తుంది. సాయంత్రం పాలప్యాకెట్ కోసం కిందికి దిగేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి.

"బొట్టు, తాళి కనపడకూడదు"

ఇంతకంటే అన్యాయమైన మాట ఆ మెసేజ్‌లో లేదు. దుబాయ్‌లోని జెబెల్ అలీలో 2022లో పెద్ద హిందూ ఆలయం తెరిచారు. అబూధాబీలో 2024 ఫిబ్రవరిలో స్వామినారాయణ్ సంస్థ కట్టిన బాప్స్ హిందూ మందిరం ప్రారంభమైంది. బర్ దుబాయ్‌లో అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే గుడి ఉంది. బొట్టు పెట్టుకుని, మంగళసూత్రం వేసుకుని పాఠాలు చెప్పే టీచర్లు ఆ దేశమంతా ఉన్నారు. నగల మీద స్కూలు ఏదైనా చెప్పిందంటే అది పిల్లల భద్రత కోసం అయి ఉంటుంది. కేజీ పిల్లలు వేలాడే జూకాలు పట్టుకుని లాగుతారని ఏ తల్లికి తెలియదు?

"వేడి దేశం, పలచటి బట్టలు చాలు"

వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే మాట నిజమే. కానీ టీచర్ ఉండేది ఆ ఎండలో కాదు, ఏసీ గదిలో. బస్సులో ఏసీ, క్లాసులో ఏసీ, స్టాఫ్‌రూమ్‌లో ఏసీ. దాని రిమోట్ మీ చేతిలో ఉండదు. కొత్తగా వెళ్లినవాళ్లు మొదటి వారంలోనే గొంతు పట్టేసి బాధపడేది ఇందుకే. ఒక స్వెటరో కార్డిగనో బ్యాగులో పైనే పెట్టుకోండి. డిసెంబరు, జనవరిల్లో పొద్దున్నే బస్ డ్యూటీ పడితే ఎడారి చలి ఎలా ఉంటుందో తెలుస్తుంది. అడుగు మెత్తగా ఉండే చెప్పులు రెండు జతలు కూడా కావాలి. నిలబడే ఉద్యోగం ఎక్కడైనా నిలబడే ఉద్యోగమే.

రంజాన్ నెలలో స్కూలు వేళలు తగ్గుతాయి, బట్టల విషయంలో ఇంకాస్త నిండుదనం ఆశిస్తారు. ఉపవాసం ఉన్నవాళ్ల ఎదుట తినకుండా, తాగకుండా ఉండటం అక్కడి మర్యాద.

"బియ్యం, పప్పులు, మసాలాలు, ఏడాది మందులు"

పట్టుబడే ప్రమాదం ఉందన్న సలహా ఇదే. మన ఇళ్లలో కోడికూర మసాలా దంచేటప్పుడు గసగసాలు వేయడం మామూలు. యూఏఈలో గసగసాలు నిషిద్ధం, మాదకద్రవ్యాల కింద లెక్కగడతారు. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన పొడిలో అవి ఉన్నాయని మీకు తెలియకపోయినా, అక్కడ సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే. కాబట్టి ఇంట్లో దంచిన గరంమసాలా ఏదైనా తీసుకెళ్లే ముందు అందులో ఏమేం వేశారో అడగండి. అనుమానం ఉంటే వదిలేయండి. ఎండుకొబ్బరి చిప్పలూ వద్దు. వాటిలోని నూనె వల్ల నిప్పంటుకునే గుణం ఉందని విమానాల్లో రానివ్వరు. గుట్కా, ఖైనీల సంగతి టీచర్లకు నేను చెప్పాలా?

బియ్యం, పప్పులు నిషిద్ధమేమీ కాదు, మోత దండగ, అంతే. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ లూలూ లాంటి పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి. కరామా, బర్ దుబాయ్ వీధుల్లో తిరిగితే మన ఊరి సామాను మొత్తం కనిపిస్తుంది. ఆవకాయ మాత్రం తీసుకెళ్లండి, దాని విషయంలో మెసేజ్‌తో నాకు గొడవ లేదు. కాకపోతే గట్టిగా సీల్ చేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. మిక్సీ ఉంటే అదీ పనిచేస్తుంది, కరెంటు వోల్టేజీ మనలాగే ఉంటుంది. ప్లగ్గు మాత్రం మూడు పలక పిన్నుల బ్రిటిష్ రకం, ఒక అడాప్టర్ కొనుక్కుంటే సరి.

మందుల విషయంలో తేలిగ్గా తీసుకోకండి. మన మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేసే కొన్ని మందులు అక్కడ నియంత్రిత జాబితాలో ఉంటాయి. కోడీన్ కలిసిన దగ్గు సిరప్‌లు, ట్రామడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కొన్ని రకాల నిద్రమాత్రలు ఇలాంటివి. అవి వాడక తప్పనివాళ్లు బయల్దేరక ముందే యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలైనా సరే, స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాలో పోయకండి. మందు అసలు పేరుతో డాక్టర్ రాసిన చీటీ దగ్గర ఉంచుకోండి. ఏడాది సరుకు కాదు, అక్కడ డాక్టర్‌ని చూపించుకునే దాకా సరిపడితే చాలు.

"సర్టిఫికెట్లకు అపోస్టిల్ వేయిస్తే సరిపోతుంది"

సరిపోదు. యూఏఈకి రాష్ట్ర స్థాయి అటెస్టేషన్, తర్వాత మన విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన యూఏఈ ఎంబసీ అటెస్టేషన్ కావాలి. అక్కడికి చేరాక వాళ్ల విదేశాంగ శాఖ ధ్రువీకరణ కూడా ఉంటుంది. డిగ్రీకీ బీఎడ్‌కీ విడివిడిగా ఇదంతా జరగాలి. చాలామంది ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసేసి ఉంటారు. అటెస్టేషన్‌కి కాన్వొకేషన్ పట్టా కావాలి, యూనివర్సిటీకి ఈరోజు దరఖాస్తు పెడితే రేపు రాదు. దూరవిద్యలో చదివినవాళ్లు ఆ డిగ్రీ చెల్లుతుందో లేదో టికెట్ కొనక ముందే స్కూలుని అడిగి తేల్చుకోవాలి.

మన ఆడవాళ్లకు ఇంకో చిక్కు. టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు, బీఎడ్ మెమోలో ఒట్టి ఇనిషియల్. మూడూ ఒకరివేనని మనకు తెలుసు, కౌంటర్ అవతల కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? పెళ్లి సర్టిఫికెట్ కూడా అటెస్ట్ చేయించుకుంటే దీనికీ, తర్వాత కుటుంబాన్ని తీసుకెళ్లడానికీ పనికొస్తుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. విజిట్, టూరిస్ట్ వీసాల మీద ఒంటిపేరు పాస్‌పోర్టులను రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ నిబంధన తెచ్చింది. ఇంటర్వ్యూ కోసం విజిట్ వీసా మీద వెళ్దామనుకునే టీచర్లకు ఇది నేరుగా తగులుతుంది.

అనుభవం లెటర్లు, పోలీస్ క్లియరెన్స్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలు, పిల్లలు ఉంటే వాళ్ల టీకాల కార్డు, టీసీ. ఇవన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. స్కాన్ కాపీలు మెయిల్‌లో దాచుకోండి.

"బంగారం వేసుకెళ్తే ఎవరూ అడగరు, డబ్బు అక్కర్లేదు"

వెళ్లేటప్పుడు అడగకపోవచ్చు, టెన్షన్ తిరిగొచ్చేటప్పుడు. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకు సుంకం లేకుండా అనుమతించేది ఆడవాళ్లకు 40 గ్రాముల నగలు, మగవాళ్లకు 20 గ్రాములు. మీ నగలు ఇక్కడి నుంచి తీసుకెళ్లినవేనని రుజువు కావాలంటే, బయల్దేరే రోజే మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి ఒక గంట ముందుగా వెళ్లండి. అంత అవసరమా అనిపిస్తే తాళి, రెండు గాజులు ఉంచుకుని మిగతావి లాకర్లో పెట్టండి.

డబ్బు మాత్రం కావాలి. జీతం పని చేసిన నెల తర్వాతే వస్తుంది, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) వచ్చి బ్యాంకు ఖాతా తెరుచుకునే సరికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. స్కూలు గది ఇస్తే తిండికీ, ఫోన్ సిమ్ముకీ, బస్సు కార్డుకీ సరిపడా దిర్హామ్‌లు చాలు. ఇల్లు మీరే వెతుక్కోవాలంటే లెక్క వేరు. అద్దె నెలనెలా కాకుండా కొన్ని నెలలకు కలిపి ముందస్తు చెక్కుల మీద తీసుకోవడం దుబాయ్‌లో మామూలు, డిపాజిట్ దానికి అదనం. కొత్తగా వెళ్లినవాళ్ల దగ్గర చెక్‌బుక్ ఉండదు కాబట్టి మొదటి కొన్ని నెలలు బెడ్‌స్పేసో (పంచుకునే గదిలో ఒక మంచం అద్దెకు), ఇంకో టీచర్‌తో కలిసి గదో చూసుకుంటారు. వసతి ఎవరిదన్నది ఆఫర్ లెటర్‌లో స్పష్టంగా లేకపోతే, డ్రెస్ కోడ్ అడిగే మెయిల్‌లోనే అదీ అడిగేయండి.