శిబిరాల లెక్క సరే, కోలుకున్నవారి లెక్కేది?

అక్టోబరు వచ్చిందంటే నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర రొమ్ము క్యాన్సర్ అవగాహన ర్యాలీ, పాలమూరులో శిబిరం, అధికారుల ఛాతీ మీద గులాబీ రిబ్బను. ఎందరిని పరీక్షించారో, ఎందరిని హైదరాబాద్‌ పంపారో సాయంత్రానికే ప్రకటన వచ్చేస్తుంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ముగించుకుని ఊరు చేరిన రొమ్ము క్యాన్సర్ బాధితులెందరు? మాత్రలు మింగుతున్నవారెందరు? మధ్యలో మానేసినవారెందరు? ఈ ప్రకటన మాత్రం రాదు. జబ్బును కనిపెట్టినప్పుడు చూపిన ఉత్సాహం, బతికించుకున్న మనిషిని నిలబెట్టుకోవడంలో లేకపోతే ఆ ర్యాలీలు ఫొటోల కోసమేనని మేం అనుకోవాల్సి వస్తుంది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. అప్పటి నుంచీ ఆ కార్డుతో ఆపరేషన్లు చేయించుకున్న మహిళలు ఈ ఊళ్లలోనే ఉన్నారు. వారి చికిత్స డిశ్చార్జితో అయిపోలేదు. గడ్డ హార్మోన్లకు స్పందించే రకమైతే రోజూ 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్, ముట్లుడిగినవారికైతే సాధారణంగా 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్ కనీసం ఐదేళ్లు వాడాలి. కొందరికి పదేళ్లు. జబ్బు తిరగబెట్టకుండా అడ్డుకునేది ఈ చిన్న మాత్రే. దాని కోసం హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా పోవాలంటే బస్సు ఉచితమే కానీ, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. రెండు నెలలు మందు అందకపోతే మూడో నెల ఆమే మానేస్తుంది.

ఇక చేయి సంగతి. చంకలోని లింఫు గ్రంథులు తీసేసినవారికి ఆ చేతిలో నీరు చేరడం నెలలకు మొదలవచ్చు, ఏళ్లకూ మొదలవచ్చు. గాజులు బిగుసుకోవడం, చేయి బరువెక్కడం తొలి గుర్తులు. గుర్తుపట్టడానికి యంత్రం అక్కర్లేదు, టేపు చాలు: మోచేతికి పైన, కింద పది సెంటీమీటర్ల దూరంలో రెండు చేతులూ కొలవాలి. రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఫిజియోథెరపిస్టుకు చూపాలి. ఊళ్లో జరిగేదేమిటి? ఆర్‌ఎంపీ నీటి మాత్రలు రాస్తాడు. అవి పనిచేయవు. ఆ వాపులో ఉన్నది ప్రొటీన్లతో కూడిన ద్రవం, మూత్రంతో నీరు పోయినా ప్రొటీన్ అక్కడే ఉండి మళ్లీ నీటిని లాగుతుంది. కావాల్సింది కట్టు, మర్దన, కొలతకు సరిపోయే బిగుతు తొడుగు. కొలత తప్పితే వాపు వేళ్లలోకి దిగుతుంది. సాగిపోయిన తొడుగును ఆరు నెలలకోసారి మార్చాలి. ‘ఆ చేత్తో ఏమీ ఎత్తొద్దు’ అని ఇంట్లోవాళ్లు కూర్చోబెడితే భుజం బిగుసుకుపోతుంది. కొద్దికొద్దిగా బరువు పెంచుతూ చేసే వ్యాయామం ఆ చేతికి హాని చేయదు.

అధికారులు గమనించారో లేదో, రిబ్బన్లు పంచే నెలలోనే మన చేలల్లో పత్తి ఏరుడు మొదలవుతుంది. ఎండిన పత్తికాయ మొనలు వేళ్లను గీరుతాయి. వాచిన చేతికి ఇన్ఫెక్షన్ సోకడానికి ఆ గీత చాలు. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. ఈ ముక్క ఎన్ని ఊళ్లలో ఆశ కార్యకర్తకు చెప్పారు? ఏరేవారికి చేతి తొడుగులు ఇవ్వాలని ఎవరికైనా తోచిందా?

లెట్రోజోల్ ఎముకలను పలుచన చేస్తుంది, కీళ్లు పట్టేస్తాయి. మర్రిగూడ, మునుగోడు వైపు కీళ్లనొప్పి అంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. నొప్పి మందు వల్ల కావచ్చని చెప్పేవారుండరు. ఇంకో చిక్కుంది: ఫ్లోరైడ్ తాకిన వెన్నెముక, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో గట్టిగా ఉన్నట్టు కనబడి, లోపల పెళుసుగా ఉండవచ్చు. ఆ అంకె చూసి డాక్టరు నిశ్చింతగా ఉంటే తుంటి విరిగాకే తెలుస్తుంది. టామోక్సిఫెన్ వాడేవారికి ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడితే గర్భసంచి పరీక్ష, పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమోనన్న పరీక్ష తప్పనిసరి.

తొలి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చేత్తో పరీక్షించాలి, ఏటా మామోగ్రామ్ తీయాలి. ఏ బాధా లేనివారికి ఏటేటా పెట్ స్కాన్‌లు అక్కర్లేదు. ఆ భయాన్ని అమ్ముకునే ప్రైవేటు డయాగ్నొస్టిక్స్ గురించి మరోసారి రాస్తాం.

నిపుణులు చాలరని, ముందు స్క్రీనింగ్ పూర్తికావాలని ఆరోగ్యశాఖ అంటుంది. నిపుణుల కొరత నిజమే. అయితే పైన చెప్పిన వాటిలో టేపు పట్టడానికి, మాత్ర అందించడానికి ఏ నిపుణుడు కావాలి? బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా పంచే ఏఎన్‌ఎంలు ఊళ్లలో ఉన్నారు. అదే రిజిస్టరులో ఇంకో గడి గీసి, పీహెచ్‌సీకి ఈ రెండు మాత్రలు చేరిస్తే సగం పని అవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో వారానికో రోజు వీరికోసం క్లినిక్ పెట్టి, తొడుగు కొలిచే ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టాలి. డిశ్చార్జి కాగితంలో గడ్డ రకం, వాడాల్సిన మందు, ఎన్నాళ్లు, ఏ గుర్తులకు పరుగెత్తాలో తెలుగులో రాసివ్వాలి. వీటికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అంతకన్నా అక్కర్లేదు.

ఈసారి ర్యాలీకి జెండా ఊపబోయే కలెక్టరు గారు, డీఎంహెచ్‌వో గారు ముందు జిల్లా మందుల స్టోర్‌కు ఫోన్ చేసి టామోక్సిఫెన్ నిల్వ ఎంతుందో కనుక్కోండి. వేదిక మీద మొదట ఆ అంకె చదవండి. చదవలేకపోతే రిబ్బను తీసి పక్కన పెట్టండి.