మెమరీ మరిచిపోకపోతే సాఫ్ట్‌వేర్ ఏమవుతుంది?

కంప్యూటర్ మొండికేస్తే అందరం మొదట చేసేది రీస్టార్ట్. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. ఎందుకంటే కరెంటు ఆగగానే ర్యామ్ అంతా మరిచిపోతుంది. ఎక్కడో చెడిపోయిన లెక్క కూడా దానితోపాటే పోతుంది. మనం వాడే దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఈ మతిమరుపును నమ్ముకునే నడుస్తోంది. కరెంటు పోయినా ఉన్నది మరిచిపోని పర్సిస్టెంట్ మెమరీ కదిలించింది ఆ నమ్మకాన్నే.

నిజానికి మరిచిపోని మెమరీ కొత్తదేమీ కాదు. 1950, 60ల కంప్యూటర్లలోని అయస్కాంత కోర్ మెమరీ కరెంటు తీసేసినా విలువలను పట్టి ఉంచేది. 1970ల్లో డీర్యామ్ (ఇప్పటి ర్యామ్‌లో వాడే రకం) చిప్పులు దాని చోటు తీసుకున్నాక ఆ గుణం పోయింది. పని చేసేది ర్యామ్‌లో, దాచుకునేది డిస్క్‌లో అన్న విభజన స్థిరపడింది.

ఆ గీతను చెరిపే పెద్ద ప్రయత్నం ఇంటెల్, మైక్రాన్ 2015లో ప్రకటించిన 3డీ ఎక్స్‌పాయింట్ అనే మరిచిపోని మెమరీ. దాని ఆధారంగా 2019లో ఇంటెల్ సర్వర్లకు ఆప్టేన్ మెమరీ మాడ్యూళ్లు తెచ్చింది. ఒక్కో మాడ్యూల్ 512 జీబీ వరకు ఉండేది. డీర్యామ్ నుంచి చదవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే దీనికి 300 దాకా పట్టేది. ఫ్లాష్ ఎస్‌ఎస్‌డీకి పదుల మైక్రోసెకన్లు, హార్డ్‌డిస్క్‌కైతే మిల్లీసెకన్లు. డిస్క్ అంత నెమ్మదిగా ఉన్నప్పుడు, మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ కొన్ని మైక్రోసెకన్లు తిన్నా ఎవరికీ పట్టలేదు. దాచుకునే చోటే నానోసెకన్లలోకి వచ్చేసరికి ఆ మధ్యవర్తి ఖర్చే ఎక్కువైంది. అందుకే లినక్స్‌లో డాక్స్ అనే దారి వేశారు. ఇందులో ఫైలును ర్యామ్‌లోని పేజ్ క్యాష్ అనే తాత్కాలిక చోటికి కాపీ చేయరు, ప్రోగ్రామ్ నేరుగా ఆ మెమరీలోనే చదువుతుంది, రాస్తుంది.

వేగం సంగతి ఇలా తేలింది. అసలు కష్టం రాతలు చేరే వరసలో ఉంది.

ప్రాసెసర్ రాసిన విలువ ముందు దానిలోనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ అయిన క్యాష్‌లో ఆగి, తర్వాత ఎప్పుడో 64 బైట్ల ముక్కలుగా మెమరీకి చేరుతుంది. ఏది ముందు చేరుతుందో మనం చెప్పలేం. ఒక జాబితాకు కొత్త రికార్డు చేర్చామనుకోండి. ముందు రికార్డు రాశాం, తర్వాత దాన్ని చూపే పాయింటర్ రాశాం. పాయింటర్ ముందే చేరిపోయి, రికార్డు ఇంకా క్యాష్‌లో ఉండగా కరెంటు పోతే? మళ్లీ ఆన్ చేశాక ఆ పాయింటర్ చెత్తను చూపిస్తుంది. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అదే చెత్త. దీన్ని తప్పించాలంటే ప్రోగ్రామర్ సీఎల్‌డబ్ల్యూబీ లాంటి ఆదేశంతో రికార్డును బయటికి పంపి, ఫెన్స్ ఆదేశంతో ఆగి, అప్పుడే పాయింటర్ రాయాలి. ఒక్కచోట ఈ పని మరిచిపోయినా మామూలు టెస్టుల్లో దొరకదు. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోయినప్పుడే బయటపడుతుంది. మెమరీ లీకులూ (వాడాక తిరిగి ఇవ్వని చోటు) అంతే. ప్రోగ్రామ్ ఆగినా ఆ చోటు ఖాళీ కాదు.

ఈ టెన్షన్‌ను అప్లికేషన్ రాసేవాళ్ల నెత్తిన పెట్టడం తప్పని నా అభిప్రాయం. ఇంటెల్ పీఎండీకే అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలు ట్రాన్సాక్షన్లతో (అన్ని రాతలూ పూర్తవ్వాలి, లేదా ఒక్కటీ జరగనట్టే ఉండాలి) కొంత బరువు తగ్గించిన మాట నిజమే. కానీ డేటా స్ట్రక్చర్లను వాటికి తగ్గట్టు తిరగరాయాలి. హార్డ్‌వేర్ చేయగలిగింది హార్డ్‌వేరే చేయాలి. తర్వాత వచ్చిన ఈఏడీఆర్ అనే హార్డ్‌వేర్ ఏర్పాటు ఆ దారిలోదే. కరెంటు పోతే, విడిగా దాచిన విద్యుత్తుతో క్యాష్‌లో ఉన్నదంతా మెమరీలోకి దించేస్తుంది. సగంలో ఆగిన ట్రాన్సాక్షన్‌ను సరిచేయడానికి లాగ్ (మార్పుల చిట్టా) అప్పటికీ కావాలి. అయినా కంటికి కనిపించని తప్పుల్లో ఒక పెద్ద రకం మొత్తం పోతుంది. దానికోసం అదనపు బ్యాటరీ ఖర్చు సబబే.

మైక్రాన్ 2021లో తప్పుకుంది. 2022లో ఇంటెల్ కూడా ఆప్టేన్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. డీర్యామ్ కంటే నెమ్మది, ఫ్లాష్ కంటే ఖరీదు, పైగా పూర్తి లాభం రావాలంటే సాఫ్ట్‌వేర్ తిరగరాయాలి. ఆ మూడోదే ఎక్కువ దెబ్బ తీసిందని నేను అనుకుంటాను.

ఇప్పుడు ప్రాసెసర్‌కు బయటి పరికరాలను కలిపే సీఎక్స్‌ఎల్ అనే ప్రమాణం ద్వారా మెమరీని ప్రాసెసర్ పక్క స్లాట్ల నుంచి బయటి పరికరాల్లోకి మార్చే పని సాగుతోంది. 2020లో వచ్చిన సీఎక్స్‌ఎల్ 2.0లో పర్సిస్టెంట్ మెమరీకి చోటుంది. కరెంటు పోతున్నప్పుడు క్యాష్‌లను దించేసే ఏర్పాటు కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. పరికరాలు తయారుచేసేవాళ్లు దాన్ని ఖరీదైన మోడళ్లకే దాచిపెట్టకుండా, పర్సిస్టెంట్ అని పేరు పెట్టిన ప్రతి మెమరీతోనూ ఇవ్వాలి.