హెడ్‌సెట్ దొరగారి సమక్షంలో

"కేబుల్ కనెక్ట్ చేసి, వీడియోను ఫోల్డర్‌లోకి లాగి వదిలేయండి." కంప్యూటర్‌లోంచి వీఆర్ హెడ్‌సెట్‌లోకి, అంటే కళ్లకు అడ్డంగా తగిలించుకుని చుట్టూ వేరే లోకం చూసే ఆ యంత్రంలోకి, ఫైల్ ఎక్కించడం ఎలా అని అడిగినవాళ్లందరికీ దొరికే సలహా ఇదే. ఇది రాసిన మహానుభావులు జన్మలో ఒక్కసారైనా ఆ పని చేశారా అన్నదే నా అనుమానం.

ముందు సరుకు సంగతి చూద్దాం. ఇది మామూలు సినిమా ఫైల్ కాదు. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ, ఎదురుగా 180 డిగ్రీల దృశ్యం, పైగా 8కే, అంటే అడ్డంగా ఎనిమిది వేల చుక్కల దాకా ఉండే బొమ్మ. సెకనుకు 100 మెగాబిట్లు అనుకున్నా గంట వీడియో 45 జీబీ తూగుతుంది. దాన్ని మోయాల్సిన కేబుల్ ఏమో చాలాసార్లు ఛార్జింగ్ కోసం పుట్టింది. పైకి యూఎస్‌బీ-సీ మొహం, లోపల 2000 సంవత్సరం నాటి యూఎస్‌బీ 2.0 ప్రాణం. కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు; చేతికి వచ్చేది ముప్పై, నలభై మెగాబైట్లు. ఏ ఆటంకమూ లేకపోతే ఇరవై, పాతిక నిమిషాల పని. మంచి కేబుల్ కొందామంటే అక్కడ మరో పరీక్ష. యూఎస్‌బీ 3.0 కాస్తా 3.1 జెన్ 1 అయింది, ఆ తర్వాత 3.2 జెన్ 1 అయింది. వేగం మాత్రం మొదటి నుంచీ 5 గిగాబిట్లే. బిడ్డ ఒక్కడే, నామకరణాలు మూడు.

సరే, కేబుల్ గుచ్చారు. కంప్యూటర్‌లో హెడ్‌సెట్ పేరు ప్రత్యక్షమైంది. సంబరంగా తెరిస్తే లోపల ఖాళీ. దొరగారు ఇంకా అనుమతి ఇవ్వలేదు మరి. ఆ అనుమతి ఎక్కడ దొరుకుతుందయ్యా అంటే, హెడ్‌సెట్ లోపల. కాబట్టి తలకు తగిలించుకోవాలి. తగిలించుకోగానే "ముందు నేల ఎక్కడుందో చూపించండి" అంటుంది. మీరు కుర్చీలో కూర్చుని ఫైల్ కాపీ చేసుకుంటున్నారే తప్ప కత్తియుద్ధానికేమీ దిగలేదు. అయినా చూపించాలి. తర్వాత చుట్టూ గీత గీసుకోమంటుంది. మీరు ఆ గీత గీసే పనిలో ఉండగా అనుమతి అడిగే పెట్టె కాస్తా వచ్చి వెళ్లిపోతుంది. నోటిఫికేషన్లలో దాన్ని వెతికి పట్టుకుని, "అనుమతించు" నొక్కి, విజయగర్వంతో హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెడతారు. లెన్సుల మధ్య ఉన్న సెన్సర్ అయ్యగారు వెళ్లిపోయారని గ్రహించి తెర ఆర్పేస్తుంది. కాసేపటికి యంత్రం నిద్రపోతుంది. దాంతోపాటు కాపీ కూడా ఆగిపోయే భాగ్యం చాలామందికి కలిగింది. మళ్లీ పెట్టుకుని దాని కెమెరాల్లోంచి చూస్తే కంప్యూటర్ మీద అక్షరాలు మసక. తీస్తే దొరగారికి కునుకు.

దీనికి అనుభవజ్ఞులు కనిపెట్టిన దివ్యోపాయం, సెన్సర్ మీద బొటనవేలు. కుడిచేత్తో మౌస్, ఎడమచేతి బొటనవేలు హెడ్‌సెట్ లోపల. అలా పాతిక నిమిషాలు. ఫోన్ మోగినా ఎత్తకూడదు. తుమ్ము వచ్చినా వేలు కదలకూడదు. ఎవరైనా గదిలోకి వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే "ఫైల్ కాపీ చేస్తున్నా" అని చెప్పాలి, వాళ్లు నమ్మాలి. ఓపిక లేనివాళ్లు ఓ టేపు ముక్క అంటిస్తారు. మన పదివేళ్ల కదలికనూ విడివిడిగా గుర్తుపట్టే ఈ మహాయంత్రం, ఆ టేపు ముక్కను మనిషి తల అనుకుని మేలుకునే ఉంటుంది.

ఈ తతంగం వెనకున్న, కేబుల్ మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పేరు ఎంటీపీ. కెమెరాలోంచి ఫోటోలు దించుకునే పీటీపీని సాగదీసి, పాటల ప్లేయర్ల కోసం మైక్రోసాఫ్ట్ దీన్ని తయారుచేసింది. 2011లో ఆండ్రాయిడ్ దీన్ని నెత్తికెత్తుకుంది. ఈ హెడ్‌సెట్లలో చాలావాటి కడుపులో ఉన్నది ఆ ఆండ్రాయిడే. న్యాయంగా చెప్పాలంటే కారణం లేకపోలేదు. పాత పెన్‌డ్రైవ్ పద్ధతిలో స్టోరేజీ అంతా కంప్యూటర్ చేతిలోకి పోయేది, అంతసేపూ ఫోన్‌కు తన ఫైళ్లే అందేవి కావు. ఒప్పుకుందాం. కానీ ఒకసారికి ఒక్క పనే చేయగలిగే, మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునే ఈ పద్ధతిని నమ్ముకుని 45 జీబీ ఎక్కించమంటున్నారు. మ్యాక్ వాళ్లకైతే ఆ ఖాళీ ఫోల్డర్ దర్శనం కూడా లేదు. మ్యాక్‌కు ఎంటీపీ రాదు, వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాల్సిందే.

వైఫై ఉంది కదా అనే మేధావులు సరేసరి. క్లౌడ్‌లో పెట్టి దించుకోమనేవాళ్లు ఇంకో రకం. మూరెడు దూరంలో ఉన్న హెడ్‌సెట్‌కు చేరడానికి నా వీడియో ముందు ఎక్కడో ఉన్న సర్వర్‌కు తీర్థయాత్ర చేసి రావాలన్నమాట.

వీటన్నిటినీ పక్కకు నెట్టి తిన్నగా పని చేసే దారి ఒకటి ఉంది, ఏడీబీ. ఆండ్రాయిడ్ పరికరాలకు కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే, ప్రోగ్రాములు రాసేవాళ్ల పనిముట్టు అది. ఒక్క లైను కమాండ్ కొడితే ఫైల్ వెళ్లిపోతుంది. కాకపోతే ఆ ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం ఉన్న డెవలపర్ మోడ్ ఆన్ చేయాలి. దానికి కొన్ని హెడ్‌సెట్లలో డెవలపర్‌గా పేరు నమోదు చేసుకుని, ఫోన్ నంబరో బ్యాంకు కార్డో చూపించాలి. నేనేం డెవలప్ చేస్తున్నానయ్యా? కంప్యూటర్ నాది, డబ్బు పోసి కొన్న హెడ్‌సెట్ నాది, వీడియో నేను తీసిందే, ఆ బొటనవేలు కూడా నాదే. ఒకే బల్ల మీద ఈ మూల నుంచి ఆ మూలకు నా ఫైల్ జరుపుకోవడానికి నేను ఎవరికో గుర్తింపు చూపించాలా? అదే వాళ్ల స్టోర్‌లో ఓ గేమ్ కొని చూడండి. ఒక్క నొక్కు చాలు. ఎన్ని జీబీలైనా దిగిపోతుంది. అప్పుడు సెన్సర్ మీద వేలు పెట్టమని ఎవడూ అనడు. అప్‌డేట్లయితే నిద్రలోనే దిగిపోతాయి. చేతకాదని బుకాయించడానికి వీల్లేదు, చేతనవునని అక్కడ రోజూ చూపిస్తూనే ఉన్నారు. నా ఫైల్ వల్ల వాళ్లకు పైసా రాదు, అందుకే దానికి దొడ్డిదారి. సిగ్గుండాలి.

ఎలాగో కాపీ అయిందనుకోండి, ప్లేయర్‌లో తెరిస్తే ఒకే దృశ్యం పక్కపక్కన రెండుసార్లు కనిపించవచ్చు. కంగారు పడకండి, ఫైల్ బాగానే ఉంది. ఫైల్ పేరు చివర అండర్‌స్కోర్, 180, మళ్లీ అండర్‌స్కోర్, ఎల్, ఆర్ లాంటి గుర్తు లేకపోతే చాలా ప్లేయర్లకు అది వీఆర్ వీడియో అని తెలియదు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడగకండి. లాగి వదిలేయమన్నవాళ్లను అడగండి.